పడవ మీది గీతలు

ముక్కు పగిలిన పడవ నా షెడ్డుకు వచ్చిందంటే, నడిపినవాళ్లు కొత్తవాళ్లని ఎవరూ చెప్పక్కర్లేదు. గట్టు దగ్గరికి వచ్చేటప్పుడు వేగం ఎప్పుడు తగ్గించుకోవాలో తెలియని రోజుల్లో దెబ్బ ముక్కుకే తగులుతుంది. కొన్నాళ్లకు అదే పడవ పక్క అంచు చెక్కుకుపోయి వస్తుంది. అప్పుడు నేను లోలోపల సంతోషిస్తాను. దాన్ని నడిపే పిల్ల పోటీల్లోకి దిగిందన్నమాట. ఇంకొన్నాళ్లు పోతే పడవకు ఏమీ కాదు, తాళ్లు మాత్రం అరిగి వస్తాయి. అవి కూడా ఎక్కడంటే అక్కడ కాదు, పుల్లీ మీద ఆగే ఆ ఒక్క జానెడు చోటే.

నాది ఫైబర్ పని. బన్సీలాల్‌పేట్‌లో, 2022 డిసెంబరులో బాగుచేసి తెరిచిన మెట్లబావికి నాలుగు సందుల అవతల చిన్న షెడ్డు. నీళ్ల ట్యాంకులకు అతుకులు, కార్ల బంపర్లు, పెళ్లి మండపాల స్తంభాలు, ఇవే నాకు తిండి పెట్టేవి. రెజిన్, గ్లాస్ మ్యాట్ కొనడానికి రాణీగంజ్ పోతుంటాను. అది దాటితే బోట్స్ క్లబ్, ఆ తర్వాత హుస్సేన్ సాగర్. ‘ట్యాంకుకు అతుకేసేటోడివి, పడవకు ఎయ్యలేవా?’ అని ఓ పెద్దమనిషి ఓ పగిలిన పడవను ట్రాలీ ఆటోలో తెచ్చి దింపాడు. అతుకు నిలిచిందో లేదో చూద్దామని ఒడ్డుకు వెళ్లడం మొదలైంది. ఒడ్డున కూర్చున్నవాణ్ని ఎవరో ఒకరు పడవ ఎక్కించకుండా ఉండరు. నేను గొప్ప నావికుణ్నేమీ కాదు. కానీ పిల్లలు ఈ విద్య ఎలా నేర్చుకుంటారో మాత్రం వాళ్ల అమ్మానాన్నల కన్నా నాకే ఎక్కువ తెలుసు. పగిలిన ముక్కలు నా దగ్గరికే వస్తాయి మరి.

సముద్రం లేని ఊళ్లో తెరచాప పడవలేమిటని మా చుట్టాలు నవ్వుతారు. సాగర్ 16వ శతాబ్దంలో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలం నాటి చెరువు. పక్కనే కంటోన్మెంట్ ఉండటంతో సైన్యానికీ ఈ నీళ్లకూ సావాసం కుదిరింది. సైన్యానికి చెందిన ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్, లేజర్ రకం పడవల సంఘం కలిసి వానాకాలంలో హైదరాబాద్ సెయిలింగ్ వీక్ నడుపుతాయి. దేశం నలుమూలల నుంచీ పోటీదారులు వస్తారు. 2009లో సుహీమ్ షేక్ యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్‌ను మొదలుపెట్టాక ఆఫీసర్ల పిల్లలే కాదు, రసూల్‌పుర ఉద్భవ్ పాఠశాల పిల్లల్లాంటి వాళ్లు కూడా తెరచాప తాడు పట్టుకున్నారు. ఈ చెరువులో చిన్న పడవతో మొదలుపెట్టిన ప్రీతి కొంగర, 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఇద్దరు నడిపే 470 పడవ మీద దేశం తరఫున పోటీ పడింది.

వానాకాలమే ఎందుకంటే, గాలి అప్పుడే ఉంటుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి నెక్లెస్ రోడ్ మీదుగా వచ్చి ట్యాంక్‌బండ్ వైపు తోస్తుంది. అది తిన్నగా రాదు. భవనాలకు తగిలి, చెట్లకు తగిలి, ముక్కలు ముక్కలుగా నీళ్ల మీద పడుతుంది. ఒక్క నిమిషం తెరచాప చిరిగిపోతుందేమో అన్నట్టు కొట్టి, మరుక్షణం మాయమవుతుంది. దిక్కు కూడా అటో పది డిగ్రీలు, ఇటో పది డిగ్రీలు మారుతూనే ఉంటుంది. సముద్రం మీద నేర్చుకున్నవాళ్లు ఇక్కడికొచ్చి విసుక్కోవడం చూశాను. నేర్చుకునేవాళ్లకు మాత్రం ఇంతకంటే మంచి చోటు లేదని నా అభిప్రాయం. నిలకడైన గాలిలో చిన్న తప్పు చేసినా పడవ ఎలాగోలా పోతూనే ఉంటుంది, తప్పు జరిగిందన్న సంగతే తెలియదు. ఇక్కడ వెంటనే ఆగిపోతుంది.

గాలివాటున పోవడం పెద్ద విద్య కాదు. తువ్వాలు పట్టుకుని నిలబడినా పడవ ట్యాంక్‌బండ్ రాళ్లకు చేరుతుంది. బయలుదేరిన చోటికి తిరిగి రావడమే విద్య. గాలికి ఎదురుగా పడవ ఎలా పోతుందని అందరూ అడుగుతారు. సంక్రాంతికి గాలిపటం ఎగరేసినవాళ్లకు ఈ సంగతి సగం తెలిసినట్టే. మాంజా తెగితే పటం గాలితో కొట్టుకుపోతుంది. మాంజా బిగించి పట్టుకుంటే అదే గాలి మీద పైకి లేస్తుంది. పడవలో మాంజా పని చేసేది అడుగున నీళ్లలోకి దిగే పలక, డాగర్‌బోర్డు. అది పక్కకు జారనివ్వదు. వంపు తిరిగిన తెరచాప గాలిని మళ్లించి పడవను లాగుతుంది. పక్కకు పోలేని పడవ ముందుకు పోతుంది. అలాగని గాలి ముఖానికి ఎదురుగా తిన్నగా పోలేదు. దాదాపు 45 డిగ్రీలు పక్కకు పెట్టుకుని ఓసారి కుడికి, ఓసారి ఎడమకు, వంకర టింకరగా ఎక్కాలి. అలా దిశ మార్చడాన్ని టాక్ అంటారు.

మొదటి పెద్ద గందరగోళం ఇక్కడే వస్తుంది. దగ్గరి దారి పోదామన్న ఆశతో పిల్లలు పడవ ముక్కును గాలిలోకి మరీ ఎక్కిస్తారు. తెరచాప టపటపా కొట్టుకుంటుంది, పడవ ఆగిపోతుంది. అప్పుడు చుక్కాని కర్రను ఇటూ అటూ గట్టిగా గుంజుతారు. పడవ కదలదు. కదులుతున్న నీళ్లలోనే చుక్కాని పని చేస్తుంది, ఆగిన పడవకు చుక్కాని ఉన్నా లేనట్టే. ఇక కర్రను మరింత బలంగా గుంజుతారు. ఆ గుంజుళ్లకు విరిగిన కర్ర పొడుగింపులు నా దగ్గర ఓ మూల కట్టగా ఉన్నాయి. చేయాల్సిందల్లా తెరచాప అడుగంచు కర్రను, అంటే బూమ్‌ను, చేత్తో ఓ పక్కకు తోసి పట్టుకోవడమే. గాలి పడవను వెనక్కి నెడుతుంది. వెనక్కి పోతున్నా కదులుతున్నట్టే కదా, అప్పుడు చుక్కాని మాట వింటుంది, ముక్కు పక్కకు తిరుగుతుంది. ఈ మాట ఒడ్డున ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కదు. ఓసారి చెరువు నడుమ ఇరుక్కుని, పది నిమిషాలు గుంజి, చేతులు నొప్పెట్టి ఊరుకున్నాక, పడవ తనంతట తాను వెనక్కి జారి తిరుగుతుంది చూడండి, ఇక జన్మలో మర్చిపోరు.

పిల్లలు మొదలుపెట్టే పడవ పేరు ఆప్టిమిస్ట్. 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ అనే ఆయన గీసిన నమూనా అది. ప్లైవుడ్ షీటు పొడవు దాటకుండా, తండ్రీ కొడుకులు ఇంటి దగ్గరే కొట్టుకునేలా చేశాడు. పొడవు 2.36 మీటర్లు, ఖాళీ పడవ బరువు 35 కిలోలు. ముక్కు నున్నగా కోసుగా ఉండదు, తొట్టిలా మొండిగా ఉంటుంది. పనివాడిగా చెబుతున్నాను, అంత తెలివైన వస్తువు తక్కువ. పదిహేనేళ్లు నిండే ఏడాది దాకా ఇందులోనే పోటీ పడతారు. ఆ తర్వాత లేజర్ ఎక్కుతారు. కెనడావాడు బ్రూస్ కిర్బీ గీసిన ఆ పడవను ఇప్పుడు ఇల్కా అంటున్నారు. పడవ ఒక్కటే, తెరచాపలు మాత్రం మూడు సైజులు: 4.7, 5.76, 7.06 చదరపు మీటర్లు. మనిషి బరువును బట్టి ఎంచుకుంటారు.

లేజర్ ఒళ్లంతా మూసేసిన డబ్బా. వెనక ఓ చిన్న బిరడా ఉంటుంది, లోపలికి చేరిన నీళ్లు ఒడ్డుకొచ్చాక వదిలేయడానికి. దాన్ని బిగించడం మర్చిపోయి నీళ్లలోకి దిగినవాళ్లు ఎంతమందో! పడవ మునగదు, అదే చిక్కు. కొద్దికొద్దిగా బరువెక్కుతుంది, మలుపుల్లో మొద్దుబారుతుంది. నడిపేవాడు గాలిని తిడతాడు, తెరచాపను తిడతాడు, చివరికి పడవ పాతదని తిడతాడు. ‘కాకా, బోటు లీకైతున్నది, జర చూడు’ అని నా దగ్గరికి పంపితే తిరగేసి చూసి, బిరడా చేతికిచ్చి పంపేస్తాను. దానికి డబ్బులు తీసుకోను.

పడవ బోల్తా పడటం గురించి తల్లిదండ్రుల్లో ఉన్నంత భయం పిల్లల్లో ఉండదు. మంచి కోచ్‌లు మొదటి రోజుల్లోనే కావాలని బోల్తా కొట్టిస్తారు. లైఫ్ జాకెట్ వేసి, గాలి తక్కువున్న పొద్దుటిపూట, ఒడ్డు దగ్గర. పడవ పక్కకు పడుకుంటుంది, తెరచాప నీళ్ల మీద పరుచుకుంటుంది. మొదటి నియమం, పడవను వదిలి ఈదుకుంటూ పోకూడదు. ఒడ్డు దగ్గరే ఉన్నట్టు కనిపిస్తుంది, ఉండదు. రెండోది, తెరచాప తాడు వదులు చేయాలి. ఆ తర్వాత అడుగువైపు తిరిగి వెళ్లి, బయటికి పొడుచుకొచ్చిన డాగర్‌బోర్డు మీద బరువు వేయాలి. పడవ మెల్లగా లేచి నిలబడుతుంది. తాడు వదులు చేయడం మర్చిపోతే లేచిన మరుక్షణం తెరచాపలో గాలి నిండి, పడవ రెండోవైపు పడుతుంది, లేదా మనిషిని నీళ్లలో వదిలి తన దారిన తాను పోతుంది. అలా రెండుసార్లు పడ్డ పిల్లకు తాడు సంగతి మూడోసారి చెప్పక్కర్లేదు. ఆప్టిమిస్ట్ అయితే లేచాక నిండా నీళ్లుంటాయి, కట్టి ఉంచిన డబ్బాతో తోడాలి. పడవలో మూడు గాలి సంచులుంటాయి. వాటిలో గాలి సరిగా లేకపోతే ఎంత తోడినా పని కాదు. బయలుదేరే ముందు సంచులు నొక్కి చూసుకునే అలవాటు అలా పుడుతుంది.

సాగర్ నీళ్ల సంగతి దాచి ప్రయోజనం లేదు. మునిగి లేచిన పిల్లల ముఖాలు చూస్తేనే తెలుస్తుంది. గుర్రపుడెక్క తీగో ప్లాస్టిక్ సంచో చుక్కానికి చుట్టుకుంటే పడవ నెమ్మదిస్తుంది. నా గాలి అంచనా తప్పిందా, అడుగున చెత్త తగులుకుందా అని తేల్చుకోవడం కూడా ఇక్కడి పిల్లలు నేర్చుకునే పాఠాల్లో ఒకటి. మరో ఊళ్లో ఈ పాఠం లేకపోతే నేను బాధపడను.

గాలిని చూడటం మరో పాఠం. సంజీవయ్య పార్కులో 2016 జూన్ 2న ఎగరేసిన జాతీయ జెండా ఉంది కదా, 291 అడుగుల స్తంభం. కొత్తవాళ్లంతా దాన్ని చూసి గాలి లెక్క వేస్తారు. అంత ఎత్తున వీచే గాలి వేరు, నీళ్ల మీద వీచే గాలి వేరు. జెండా రెపరెపలాడుతుంటుంది, కింద తెరచాప వేలాడుతుంటుంది. చూడాల్సింది నీళ్లను. గాలి పడిన చోట నీళ్లు నల్లబడి, సన్నటి ముడతలు పడతాయి. ఆ నల్లమచ్చ మన వైపు వస్తుంటే, అది తగిలే లోపే ఒంటిని పడవ బయటికి వాల్చి, తాడు కాస్త వదలాలి. తగిలాక వాలితే అప్పటికే ఆలస్యం.

ఇక తెరచాప సరిగా పట్టారా లేదా అని చెప్పేవి ఊలు దారాలు. వేలెడంత ముక్కలు తెరచాపకు రెండు వైపులా అంటిస్తారు. జనరల్ బజార్‌లో ఎర్రటి ఊలు ఓ ఉండ కొంటే క్లబ్బు మొత్తానికి సరిపోతుంది. రెండు దారాలూ తెరచాపకు అంటుకుని తిన్నగా వెనక్కి పారితే అంతా బాగున్నట్టు. గాలివైపు దారం ఎగిరెగిరి పడితే ముక్కు మరీ గాలిలోకి ఎక్కిందని. అవతలి దారం వాలిపోయి కొట్టుకుంటే తాడు మరీ బిగించారని, లేదా ముక్కు మరీ దించారని. బళ్లో పరీక్ష రాస్తే తప్పులు తెలియడానికి నెల పడుతుంది. నా పనిలోనే రెజిన్ కలిపిన పాళ్లు తప్పితే మర్నాటికి గానీ తెలియదు. ఈ దారం అర క్షణంలో చెప్పేస్తుంది. అందుకే ఈ విద్యలో కోచ్ ఎక్కువ మాట్లాడకూడదని నేనంటాను. పడవ చెబుతున్న మాట మీదే ఆయన గొంతు పడితే, పిల్ల ఆయన మాట వింటుంది, పడవ మాట వినదు. ఒడ్డు మీద మెగాఫోన్ పట్టుకుని కేకలేసే అమ్మానాన్నల సంగతి ఇక చెప్పను.

అరగంటకు ఒక్క పని పెట్టే కోచ్‌లు నాకు నచ్చుతారు. రెండు బుడగలు గుర్తులుగా నీళ్లలో వేసి, వాటి చుట్టూ ఎనిమిది అంకె తిప్పిస్తారు. ఓ రోజు టాక్ మాత్రమే. ఇంకో రోజు జైబ్ మాత్రమే, అంటే గాలి వీపు వెనక ఉన్నప్పుడు తెరచాపను ఓ పక్క నుంచి ఇంకో పక్కకు మార్చడం. బూమ్ విసురుగా తల మీదుగా పోతుంది. వంగనివాళ్లు తర్వాత వంగుతారు. అన్నిటికన్నా నాకు ఇష్టమైన సాధన చుక్కాని ఊడదీసి నడిపించడం. తెరచాపతో, ఒంటి బరువుతోనే పడవను తిప్పాలి. కుడికి వాలితే ఎడమకు తిరుగుతుంది, తాడు బిగిస్తే ముక్కు గాలిలోకి ఎక్కుతుంది. తొలిరోజు పడవలన్నీ తాగినవాళ్లలా గుండ్రంగా తిరుగుతాయి. ఆ తర్వాత చుక్కాని బిగించి ఇస్తే దాన్ని రెండు వేళ్లతో పట్టుకుంటారు. కర్ర విరగడం ఆగిపోయేది అక్కడే. నా ఆదాయం తగ్గేది కూడా.

పోటీల్లోకి దిగాక తప్పుల జాతి మారుతుంది. గాలి కుడివైపు నుంచి తగులుతున్న పడవకు, ఎడమవైపు నుంచి తగులుతున్న పడవ దారి ఇవ్వాలి. ఇవ్వకపోతే ఢీకొంటాయి, అంచు చెక్కుకుపోతుంది. ఇక్కడ ఈలేసే అంపైర్ పక్కనుండడు. తప్పు చేసినవాడు తానే ఒప్పుకుని, వెంటనే పక్కకు తప్పుకుని, రెండు పూర్తి చుట్లు తిరిగి మళ్లీ పోటీలో కలవాలి. మలుపు దగ్గరి బుడగను తాకితే ఒక చుట్టు. అయిదు నిమిషాల ముందు నుంచి మొదలయ్యే లెక్కలో, సున్నాకు ముందే గీత దాటినవాడు వెనక్కి వచ్చి మళ్లీ మొదలుపెట్టాలి. తప్పుకు శిక్ష అక్కడే, అప్పుడే, చెరువులోనే తీరిపోతుంది. మొదటివాడికి ఒక పాయింటు, రెండోవాడికి రెండు, చివరికి తక్కువ పాయింట్లున్నవాడు గెలుస్తాడు. నిర్ణీత సంఖ్యలో రేసులు అయ్యాక అందరి లెక్కలోంచీ వాళ్ల వాళ్ల అధ్వాన్నమైన రేసును తీసేస్తారు. ఒక్క రోజు మునిగినా కొంప మునగదన్న మాట.

ఈ తీసివేత సంగతి విన్నప్పుడల్లా నాకు మోటుపల్లి శాసనం గుర్తొస్తుంది. తుఫానుకు చితికి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా రాజులే లాగేసుకునే కాలంలో, 1244లో కాకతీయ గణపతిదేవుడు ఇకపై అలా చేయబోమని, నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోమని ఓడ వర్తకులకు అభయం రాయించాడు. ఒక్క దెబ్బతో సర్వం పోతుందంటే రెండోసారి ఓడ ఎవడెక్కుతాడు?

సాగర్ లాంటి నీళ్లకే ఇంత కథ ఉంటే మహాసముద్రం మాటేమిటి? 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి ఆరుగురు నౌకాదళ మహిళలు ఐఎన్ఎస్‌వీ తారిణి మీద భూమి చుట్టి రావడానికి బయలుదేరారు. నాయకురాలు వర్తికా జోషి. ఆ ఆరుగురిలో విశాఖపట్నం అమ్మాయి పాతర్లపల్లి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. తారిణి 56 అడుగుల పడవ, లోపలి చెక్క మీద ఫైబర్ పొరలు వేసి గోవాలో కట్టింది. మా సరుకే కాబట్టి నాకు కొంచెం గర్వం. వాళ్లు ఒక్కసారిగా దక్షిణ మహాసముద్రంలోకి దూకలేదు. ఒంటరిగా భూమి చుట్టి వచ్చిన తొలి భారతీయుడు దిలీప్ డోండే దగ్గర, ముందు మాదేయి అనే పడవ మీద మారిషస్ దాకా, ఆ తర్వాత కేప్ టౌన్ దాకా వెళ్లి సాధన చేశారు. పసిఫిక్‌లో 60 నాట్లు దాటిన గాలిని, కేప్ హార్న్‌ను దాటారు.

నాకు మాత్రం తిరుగు దారిలో జరిగిందే ముఖ్యం. కేప్ టౌన్ వదిలాక చుక్కాని యంత్రాంగం దెబ్బతింది. మారిషస్‌లోని పోర్ట్ లూయిస్‌కు పడవను మళ్లించి, బాగుచేయించుకుని, 2018 మే 21న గోవా చేరారు. 254 రోజులు, 21,600 నాటికల్ మైళ్లు. చుక్కాని సరిగా పని చేయని పడవను నడి సముద్రం నుంచి రేవుకు చేర్చారంటే, ఎక్కడో చిన్న నీళ్లలో ఎవరో ఒకరు వాళ్లతో చుక్కాని లేకుండా ఎనిమిది అంకెలు తిప్పించి ఉంటారని నా ఊహ. ఊహే, పందెం కాయను.

పిల్లల్ని చేర్పించాలనుకునేవాళ్లు నన్ను అడిగేది ఎన్నాళ్లకు వస్తుందని. తిరిగి నేను పిల్లల్నే ఓ ప్రశ్న అడుగుతాను. దెబ్బతిన్న పడవ తెచ్చినవాళ్లను ‘ఎట్ల తగిలింది బిడ్డా, అప్పుడు గాలి ఎటుంది?’ అంటాను. మొదట్లో అందరూ మొదటి సగానికే జవాబు చెబుతారు: ‘వాడొచ్చి గుద్దిండు కాకా.’ పోయిన వారం ఓ పిల్ల పక్క అంచు బద్దలైన ఆప్టిమిస్ట్ తెచ్చింది. కిందటి సీజన్లో అదే పడవకు ముక్కు అతికాను. ప్రశ్న అడిగేలోపే నా బల్ల మీద సుద్దముక్కతో గీత గీసి, బుడగ పెట్టి, బాణం గీసింది. ‘గాలి ఇటు తిరిగింది, నేను చూడలే. రెండు బోట్ల దూరం ముందే టాక్ కొట్టాల్సింది. కొట్టలే. దారి ఆమెది, నాది కాదు.’ రెండు చుట్లు తిరిగావా అంటే, ‘తిరిగినా. ఆరో ప్లేసుల అయిపోయిన’ అంది. కోచ్ ఏమన్నాడని అడిగితే, ఏమీ అనలేదట.

పగులు చుట్టూ జానెడు మేర పలచగా అరగదీసి, తడి పూర్తిగా ఆరాకే మ్యాట్ వేయాలి. తడి మీద వేసిన అతుకు పైకి బాగానే కనిపిస్తుంది, తొలి దెబ్బకే ఊడుతుంది. ఈ ముసురులో రెండు రోజులు పడుతుందన్నాను. శనివారం రేసుంది, ఒక్క రోజులో ఇమ్మంది. హార్డనర్ ఎక్కువ కలిపితే తొందరగా గట్టిపడుతుంది కానీ పగుళ్లిస్తుందని చెప్పాను. కాసేపు ఆలోచించి, అయితే శనివారం క్లబ్బు పడవ అడిగి తీసుకుంటానంది, తన పడవను మాత్రం ఆదివారం పొద్దున సిద్ధంగా ఉంచమంది.